బోర్డుకు కళాయి

పుంగనూరు ఆవు కొమ్ములకు వెండి తొడుగులు వేస్తే పాలు పెరుగుతాయని చెప్పి చూడండి, సంతలో నిలబెట్టి నవ్వుతారు. ఇంట్లో చేసుకున్న సర్క్యూట్ బోర్డుకు తగరం పూస్తే సర్క్యూట్ బాగా పనిచేస్తుందంటే మాత్రం, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎలక్ట్రానిక్స్ పిచ్చి పట్టిన ప్రతి కుర్రాడూ తలూపుతాడు.

కళాయి వేసేవాళ్ళకు ఈ విద్య ఏనాడో తెలుసు. ఇత్తడి గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం రుద్ది, దూదితో తుడిస్తే లోపలంతా వెండిలా తేలేది. అది సోకు కోసం కాదు, పులుసు కిలుమెక్కకుండా. టమోటా తోట మోటరు టైమరు మీద పులుసు కాచేవాడు నాకింకా తగల్లేదు.

రాగికి చిలుము పడుతుంది కదా అంటారు. పడుతుంది. ఫ్యాక్టరీలు పూత వేసేది అందుకే. వాటి బోర్డులు సోల్డరింగ్ దాకా నెలల తరబడి గోదాముల్లో పడుండాలి. మనవాడి బోర్డు సాయంత్రం ఫెర్రిక్ క్లోరైడ్‌లోంచి లేచి, రాత్రి భోజనానికి ముందే సోల్డరింగ్ ముగించుకుంటుంది. ఈలోగా పట్టే చిలుముకు గిన్నెలు తోమే పీచు చాలు. ఆపైన స్పిరిట్‌లో కరిగించిన రోజిన్ పూస్తే సరి.

అబ్బే, అంత చవగ్గా తేలిపోతే అది హాబీ ఎట్లా అవుతుంది? స్టానస్ క్లోరైడ్ కావాలి, ఆమ్లం కావాలి, థయోయూరియా కావాలి. మామూలుగా రాగి తగరానికి చోటివ్వదు. థయోయూరియా మధ్యవర్తిత్వం చేస్తేనే ఇస్తుంది. ఆ మధ్యవర్తి పేరు అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ అనుమానితుల జాబితాలో ఉంది. నిన్నటిదాకా ఊరగాయ ఉన్న డబ్బాలో కలిపేది దీన్నే! ఇంతా చేసి దక్కేది ఒక మైక్రాన్ అటూ ఇటూ మందం. రాగి కప్పుకుపోగానే పూత దానంతటదే ఆగుతుంది. ఆ కాస్త తగరాన్నీ కింది రాగి మెల్లగా తనలో కలిపేసుకుంటుంది. కొన్ని నెలలు పోతే సోల్డర్ కూడా సరిగా అంటదు.

స్వచ్ఛమైన తగరానికి మీసాలూ మొలుస్తాయి, సర్క్యూట్‌ను షార్ట్ చేసే సన్నటి లోహపు పోగులు. 1998లో గెలాక్సీ-4 ఉపగ్రహం చెడి అమెరికాలో పేజర్లు మూగబోయినప్పుడు నిపుణులు ఆ మీసాలనే అనుమానించారు. కుప్పం కుర్రాడి కాలింగ్ బెల్లుకు అంత గండం లేదనుకోండి.

అతనికున్న గండమల్లా ఫైనలియర్ వైవా. రాత్రంతా ముక్కు మూసుకుని తళతళలాడించిన బోర్డును ఎగ్జామినర్ అటూ ఇటూ తిప్పి చూసి, మొదట అడిగేది ఒకటే: “బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఎంతకు కొన్నావు?”