లిబ్రే ఆఫీసూ, అయ్యవార్లూ, అష్టదిగ్గజాలూ

మా జవహర్‌నగర్‌లో ఏదైనా ఊరికే ఇస్తున్నారంటే జనం అడిగేవి రెండే ప్రశ్నలు. లైను ఎక్కడ? ఆధార్ జిరాక్స్ కావాలా? కంటి పరీక్షల శిబిరమైనా, మట్టి వినాయకులైనా ఇదే వరస. అలాంటిది టీచర్లకు లిబ్రే ఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చి, వాడటం కూడా ఊరికే నేర్పిస్తామంటే ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ వేయలేదు. "ఇప్పుడున్నది కూడా ఊరికేదేగా సార్!" అన్నారు. నిజమే. కంప్యూటర్ అమ్మిన షాపు కుర్రాడు పెన్‌డ్రైవ్‌తో వచ్చి, వేల రూపాయల వర్డ్‌నూ ఎక్సెల్‌నూ పైసా అడక్కుండా ఎక్కించి పోతాడు. దొంగసరుకు ఉచితంగా దొరికేచోట దొరసరుకును ఉచితంగా అంటగట్టడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది.

ఇంతకీ నేను పంతులును కాను. నాచారం పారిశ్రామికవాడలో ఓ కంపెనీ స్టోర్స్ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ సర్కారు హైస్కూల్లో లెక్కల టీచరు. "మా ఆయన రోజంతా ఖాళీయే, కంప్యూటర్ కూడా బాగా వచ్చు" అని ఓనాడు స్టాఫ్‌రూములో అనేసింది. అందులో రెండో సగం నన్ను పొగడటానికి, మొదటి సగం ఇరికించటానికి. మర్నాడే హెచ్‌ఎం గారి ఫోను. ఆ సాయంత్రానికల్లా నేను టీచర్ల లిబ్రే ఆఫీస్ శిక్షణకు రిసోర్స్ పర్సన్‌ని, అంటే ఆర్పీని అయిపోయాను. పారితోషికం ఒక శాలువా.

"ఆర్పీ గారిది జవహర్‌నగర్" అని పరిచయం చేయగానే ముందు వరసలో ఒకాయన చేయి ముక్కు దాకా వెళ్లింది. డంపింగ్ యార్డు జవహర్‌నగర్ అనుకున్నాడు పాపం. అది కాప్రా అవతలిది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఇంకోటి ఉంది. మాది నాచారం, ఉప్పల్ వైపుది. పేరు ఒకటైతే వచ్చే ఈ తంటా లిబ్రే ఆఫీసుకూ ఉంది. "ఓపెన్ ఆఫీస్ అంటారు, అదేనా?" అని అడుగుతారు. అదే, కాని అది కాదు.

జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీస్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది. మరుసటి ఏడు దాని సోర్స్‌కోడ్‌ను లోకానికి తెరిచింది. అదే ఓపెన్ ఆఫీస్. 2010లో ఆ సన్‌నే ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమాని కింద పొసగదని పనివాళ్లలో చాలామంది ఆ సెప్టెంబర్ 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరిట వేరుకాపురం పెట్టి, లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు. పాతపేరు 2011లో అపాచీ వారికి చేరింది. పంపకాల్లో ఇంటిపేరు అన్నకూ, ఇంట్లోవాళ్లంతా తమ్ముడికీ వచ్చినట్టన్నమాట. ఈ పురాణమంతా నేను రాగయుక్తంగా చెప్పి చెమట తుడుచుకుంటే, సోషల్ సార్ లేచి నిలబడ్డారు. "అంతా బాగుంది సార్. మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫారం ఇందులో తెరుచుకుంటుందా?"

శిక్షణల విషయంలో టీచర్లకున్న అనుభవం శిక్షణ ఇచ్చేవాళ్లకు ఉండదు. పొద్దున్నే సంతకం ఎక్కడ పెట్టాలో, ఆన్ డ్యూటీ (ఓడీ) సర్టిఫికెట్ ఎవరిస్తారో, టీతోపాటు సమోసానా బిస్కెట్టా అన్నది ఏ వేళకు తేలుతుందో వాళ్లకు కరతలామలకం. బ్యానరు ముందు గ్రూప్ ఫోటో మొదటి గంటలోనే అయిపోయింది. అది వాట్సాప్‌లో పైకి వెళ్లిందంటే, పైవాళ్ల లెక్కలో శిక్షణ ముగిసినట్టే. మిగతా రోజులన్నీ నా సొంత సరదా.

మొదటి చిక్కు తెలుగు దగ్గరే వచ్చింది. తెలుగు పండితుల వారి ప్రశ్నపత్రాలన్నీ ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే కామాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు దొర్లుతాయి. ఆయన కాసేపు తేరిపార చూసి, "సంధి విడదీయమంటే యంత్రం అక్షరాలనే విడదీసిందే!" అని నిట్టూర్చారు.

ఆయన్ను ఊరడించడానికి ఉచిత యూనికోడ్ ఫాంట్ల జాబితా తెరిచాను. పెద్దన, తిమ్మన, మల్లన్న, ధూర్జటి, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. ఎనిమిదిమందీ ఉన్నారు, శ్రీకృష్ణదేవరాయలతో సహా. భువనవిజయం మొత్తం ఒక్క మెనూలో కొలువుదీరేసరికి పండితుల వారి కళ్లు చెమర్చాయి. వెంటనే అభ్యంతరమూ వచ్చింది. "పెద్దన కన్నా ధూర్జటిని పైన కూర్చోబెట్టిందెవరు?" ఇంగ్లీషు అక్షరక్రమానికి గండపెండేరం సంగతి తెలియదని సర్దిచెప్పాను. పక్కనే గిడుగు ఫాంటు కనబడితే మాత్రం మౌస్ వెనక్కి లాగేశారు. ఆయన గ్రాంథికవాది. వాడుకభాష కోసం కొట్లాడిన మనిషి పేరిట ఛందస్సు ప్రశ్నలు టైపు చేయడం ఆయన వల్ల కాదట.

ఆ నెల ఫార్మేటివ్ (ఎఫ్ఏ) పరీక్ష ప్రశ్నపత్రంలో ఒక్కో ప్రశ్న ఒక్కో కవిలో వచ్చింది. బడిపేరుకు ఎన్టీఆర్ ఫాంటు. ఆయన రామకృష్ణా స్టూడియో ఉన్న నాచారంలో ఆ మాత్రం మర్యాద ఉండాలిగా! పిల్లలు మాత్రం మార్కులు ఎప్పటిలాగే తెచ్చుకున్నారు.

మన టీచర్లకు కంప్యూటర్ రాదనుకోవడం మరో అమాయకత్వం. ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, రాష్ట్రమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఇన్‌కమ్ ట్యాక్స్ ఎక్సెల్ షీట్లు తిరుగుతాయి. బేసిక్, డీఏ, హెచ్ఆర్ఏ కొడితే చాలు, ట్యాక్స్ లెక్క మొత్తం చేతిలో పడుతుంది. వేతన సవరణ (పీఆర్సీ) ఫిక్సేషన్‌కూ అలాంటి షీట్లే. అవన్నీ టీచర్లే రాసినవి. ఎవరూ వాళ్లకు శిక్షణ ఇవ్వలేదు, శాలువా కప్పలేదు. అయితే వాటిలో చాలావరకు ఎక్సెల్ మాక్రోల మీద నడుస్తాయి. వాటిని లిబ్రే ఆఫీస్ వారి కాల్క్‌లో తెరిస్తే కొన్ని మొరాయిస్తాయి. ఒక సార్ తన షీటు తెరిచి కేకేశారు. "ఆర్పీ గారూ, నా ట్యాక్స్ సున్నా చూపిస్తోంది!" గది మొత్తం ఆయన చుట్టూ మూగింది. "అయితే ఇదే మంచి సాఫ్ట్‌వేర్. దీన్నే సబ్మిట్ చేద్దాం" అని ఏకగ్రీవ తీర్మానం.

నేను తగ్గకుండా కేరళ సంగతి ఎత్తుకున్నాను. అక్కడ 2001లో మొదలైన 'ఐటీ ఎట్ స్కూల్' పథకం 2017లో 'కైట్' అనే సంస్థ అయింది. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే. రెండు లక్షల బడి కంప్యూటర్లలో దాన్నే వాడటంతో 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయని 2019లో లెక్క చెప్పారు. మన హైదరాబాద్‌లోనూ 'స్వేచ్ఛ' వారు బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' తయారుచేశారు. అంతా విని సైన్స్ మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "కేరళలో ల్యాబు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది సార్?" మూడు వేల కోట్ల కన్నా బరువైన ప్రశ్న అది. జవాబు నా స్లైడ్లలో లేదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి మా ఆవిడ గొంతు. "ఏమండీ, ఆ కథలాపి కరెంటు బిల్లు తీయండి."

తీశాం. 2022లో పెరిగిన చార్జీల ప్రకారం మొదటి 50 యూనిట్లకు యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. వంద దాటితే శ్లాబు మారి మొదటి యూనిట్ నుంచే 3.40, వంద పైన 4.80. కాల్క్‌లో 'ఇఫ్' ఫార్ములా రాయించింది ఆవిడ. వందకు 252.50 వచ్చింది. నూట ఒకటికి 344.80. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 92 రూపాయల 30 పైసలు! అప్పటిదాకా ఫోన్లలో ఉన్న తలలన్నీ లేచాయి. సమోసాలు వచ్చినా ఎవరూ కదల్లేదు. 'ఇఫ్'లో 'ఇఫ్' ఎలా దూర్చాలో నన్నడిగి మరీ రాసుకున్నారు.

అదే పాఠం తొమ్మిదో తరగతికి వెళ్లింది. పిల్లలు తలా ఒక బిల్లు తెచ్చారు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. "201 కొడితే?" అంది ఒక పిల్ల. కొట్టింది. శ్లాబు మళ్లీ మారి, వెయ్యీ ఇరవైయేడు రూపాయల 70 పైసలు. ఆ రాత్రి వాళ్లింట్లో సీరియల్ సగంలో ఆగిందని, మర్నాడు వాళ్ల నాయనమ్మ బడికొచ్చి లెక్కల టీచర్ ఎవరని వాకబు చేసింది. సాఫ్ట్‌వేర్ తరగతి గదిలోకి దిగిందనడానికి నాకు తెలిసిన కొలమానం ఇదొక్కటే. పంతులు సొంతంగా తేల్చుకోవాలనుకునే లెక్క ఒకటి చేతికిస్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటాడు. ఆర్పీ పక్కన కూర్చుని టీ తాగొచ్చు.

చివరి రోజు సర్టిఫికెట్లు నన్నే చేయమన్నారు. చేయనన్నాను. కాల్క్‌లో పేర్ల జాబితా, రైటర్‌లో నమూనా, మెయిల్ మెర్జ్ ఎలాగో చూపించి, మీవి మీరే తీసుకోండన్నాను. తీసుకున్నారు, తప్పు లేకుండా. ఒక్క పూట కూడా మొహం చూపించని డ్రిల్ సార్‌కూ ఒకటి వచ్చింది. జాబితాలో పేరుంటే చాలు, మెయిల్ మెర్జ్‌కు హాజరుతో పనిలేదు. హెచ్‌ఎం గారు ఆ సర్టిఫికెట్ వెలుగుకు పట్టి చూసి, తృప్తిగా తలూపారు. "బాగుంది సార్. మన డిపార్ట్‌మెంట్ పద్ధతి బాగా తెలిసిన సాఫ్ట్‌వేరే."