పెద్ద చక్రాల డెమో బండిని

షాపు రిజిస్టరులో నా పేరు "డెమో". అమ్మకానికున్న కొండ సైకిళ్ళు అద్దాల వెనక తళతళలాడుతుంటే నేను వెనక గదిలో, మెకానిక్ స్టాండు పక్కన, మట్టి కొట్టుకుని ఉంటాను. సెలవు రోజు వచ్చిందంటే ఎవరో ఒకరు అడ్వాన్సు కట్టి నన్ను కారెక్కిస్తారు. ఒకరు సీటు ఎత్తితే ఇంకొకరు దించుతారు. సీటు గొట్టం నిండా ఆ గీతలే. నచ్చినా వాళ్ళు కొనేది నన్ను కాదు, పెట్టె విప్పని నా తోబుట్టువుల్ని.

నన్ను తీసుకెళ్ళేవాళ్ళంతా తమకు కంఠతా వచ్చిన దారికే తీసుకెళ్తారు. అదీ సబబే. కొత్త దారైతే మెచ్చుకున్నది బండినో అడవినో తేలదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ దారి వాళ్ళకు వచ్చింది పాత బండి మీద. ఏ రాయికి కుడి పక్కకు తప్పుకోవాలి, ఎక్కడ లేచి నిలబడాలి, ఎక్కడ గేరు మార్చాలి, అన్నీ 26 అంగుళాల చక్రం నేర్పిన పాఠాలే. నాది 29. నా మీద కూర్చుని కూడా వాళ్ళు ఆ పాత బండినే తొక్కుతుంటారు.

ఇంతకీ ఆ 26 ఎక్కడిది? 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని టామల్‌పాయిస్ కొండ దగ్గర, రీప్యాక్ అనే మట్టి దిగుడులో కుర్రాళ్ళు తొలి పందెం పెట్టుకున్నారు. వాళ్ళు వాడినవి ఎప్పటివో పాత ష్విన్ లాంటి బళ్ళు. లావుపాటి టైర్లు దొరికేది ఆ కొలతలోనే. అంతే, లోకమంతా అదే స్థిరపడిపోయింది. ఏ ఇంజనీరూ లెక్కగట్టి తేల్చింది కాదు. ఇంగ్లండులో జెఫ్ యాప్స్ అనే ఆయన 1980ల తొలినాళ్ళలో ఫిన్లాండ్ మంచు టైర్లు తెప్పించి పెద్ద చక్రాలతో బురదలో తిరిగాడు, అమెరికాలోని మిత్రులకూ కొన్ని పంపాడు. టైర్ల సరఫరా కుదరక ఆ ముచ్చట అక్కడే ఆగింది. 1999లో ఆ పెద్ద కొలతలో నానోరాప్టర్ టైరు వచ్చాకే మా జాతి లేచి నిలబడింది.

మొన్న ఒకాయన మా మెకానిక్‌ని కూడా వెంటబెట్టుకుని నన్ను అనంతగిరికి తీసుకెళ్ళాడు. వికారాబాద్ దాటాక, మూసీ పుట్టే కొండల్లో, ఎర్రటి మొరం దారి. బయల్దేరే ముందే బొటనవేలితో నా టైరు నొక్కి మొహం చిట్లించాడు.

"తమ్ముడూ, గాలి తక్కువున్నట్టుంది."

"ట్యూబ్ లేదన్నా. ఇరవై నాలుగు పెట్టిన. గట్టిగ కొడితే రాళ్ళ మీద ఎగుర్తది" అన్నాడు మా మెకానిక్.

ఎక్కుడు మొదలైంది. ఎప్పుడూ ఏ గేరులో ఎక్కుతాడో అదే వేశాడు. నా చక్రం చుట్టుకొలత దాదాపు పదో వంతు ఎక్కువ. ఒక్కో చుట్టుకు నేను పోయే ఆ అదనపు దూరం ఆయన తొడల్లోంచే రావాలి. ముందున్న 32 పళ్ళ చక్రం పాత బండి లెక్కలో 35 పళ్ళదైపోయింది. సగం ఎక్కేసరికి రొప్పుతూ, "బరువుంది తమ్ముడూ నీ బండి" అన్నాడు. బరువు కాదు మహానుభావా, గేరు! ఒకటి దించగానే ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పైన వేర్లు దారికి అడ్డంగా పాకినచోట నా వంతు వచ్చింది. 60 మిల్లీమీటర్ల ఎత్తున్న వేరును 26 చక్రం దాదాపు 35 డిగ్రీల కోణంలో ఢీకొంటుంది, నేను 33 దగ్గర. తేడా రెండు డిగ్రీలు కూడా లేదు. దీన్ని షాపులో ఆకాశానికెత్తుతుంటే నాకే సిగ్గేస్తుంది. కానీ వేరు ఒకటుంటే కదా! వరుసగా వస్తాయి. ప్రతిదాని దగ్గరా పిసరంత వేగం మిగిలితే, చివరికి తొక్కకుండానే అవతల పడతాం. ఆయన దెబ్బ కాచుకోవడానికి అలవాటుగా లేచి నిలబడ్డాడు. రావాల్సిన దెబ్బ రాలేదు.

దిగాక నా ముందు ఫోర్కు వంక చూశాడు. దాని కాలి మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది; ఫోర్కు ఎంత కుంగితే అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. అది దాదాపు చివరికంటా వెళ్ళి కూర్చుంది. "అంత గట్టిగా తగిలిందా? నాకేం తెలియలేదే!" అన్నాడు. తెలియనివ్వకపోవడం నాలో ఉన్న సుగుణమని కరపత్రాలు చెబుతాయి. కొండ దిగేటప్పుడు అది గుణమో దోషమో నాకు ఇప్పటికీ అనుమానమే.

మలుపు దగ్గర మాత్రం నా పరువు పోయింది. చెట్టు చుట్టూ తిరిగేచోట ఆయన పాత బండిని తిప్పే క్షణానికే తిప్పాడు. నా ఇరుసుల మధ్య దూరం ఎక్కువ. కాస్త ముందే చెప్పాలి. తిన్నగా తుమ్మకంపలోకి పోయాం. మళ్ళీ వచ్చినప్పుడు చూపు ముందే మలుపు చివరికి వేశాడు, బుద్ధిగా తిరిగాను.

చాయ్ హోటలు దగ్గర పాలక్యాన్లు కట్టిన నల్ల సైకిల్ పెద్దాయన నా చుట్టూ తిరిగి చూశాడు.

"గింత పెద్ద చక్రాలు పెట్టిండ్రేంది సారూ?"

"ఇరవై తొమ్మిది తాతా. కొత్త మోడల్" అన్నాడు మెకానిక్.

"మాది ఇరవై ఎనిమిది. మా నాయన కాలం కెళ్ళి గిదే" అని తన రిమ్ము మీద తట్టాడు.

ఆ మాటకు నేను నోరెత్తలేదు. టైరు కూర్చునే చోట కొలిస్తే నా రిమ్ము 622 మిల్లీమీటర్లు, ఆయన సైకిల్‌ది 635. అంకె నాది పెద్దది, రిమ్ము ఆయనది పెద్దది. లావు టైరు తొడుక్కుని 29 అనిపించుకుంటున్నాను.

2012 లండన్ ఒలింపిక్స్ కొండ సైకిల్ పందెంలో కుల్హావీ మా కొలత చక్రాల మీద బంగారు పతకం గెలిచాడు. మధ్యరకం 27.5 చక్రాల మీద వచ్చిన షుర్టర్ ఓడింది ఒక్క సెకను తేడాతో. ఆ సెకను చక్రానిదో కాళ్ళదో ఎవరు తేలుస్తారు?

తిరిగి కారెక్కిస్తూ ఆయన నా పొడవు జానలతో కొలిచాడు.

"ఎక్కడమైతే నచ్చింది తమ్ముడూ. కానీ మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పడుతుందా?"

"పడుకోబెడితే పట్టదన్నా. వెనక చక్రం మీద నిలబెట్టి, హ్యాండిల్ పక్కకు తిప్పాలె."

"పాతది మామూలుగానే పట్టేది."

"గందుకే అన్నా, ముందు ఇంటికి తీస్కపొయ్యి లిఫ్టులో పెట్టి చూడు. డెమో ఎట్లాగూ రేప్పొద్దటిదాక నీదే."