మోతబరి

మోతుబరి అంటే మనందరికీ తెలుసు. పదెకరాల చెరుకు, రెండు జతల ఎడ్లు, ఇంటి ముందు వీధరుగు, ఊళ్లో మాటకి చెల్లుబాటు. అనకాపల్లి చుట్టుపక్కల ఆ జాతి బాగా పలచబడిపోయింది. దాని జాగాలో కొమ్ము ఒకటి రాలిపోయి, మోతబరి పుట్టుకొచ్చాడు. కొమ్ము రాలితేనేం, వీడూ కొమ్ములు తిరిగినవాడే. వీడికి ఎకరాలుండవు. ఒక బొలెరో పికప్ ఉంటుంది. దాని మీద ఫైనాన్సు ఉంటుంది. దాని కింద సైలెన్సరు ఉండదు.

గవరపాలెంలో మా వీధికొకడున్నాడు. మునగపాకలో ఒకడున్నాడు, కశింకోటలో ఇద్దరున్నారు, చోడవరం రోడ్డులో ఎంతమందో లెక్క తేలలేదు. అందుకే పేరు చెప్పడం లేదు. ఒకడి పేరు చెబితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు.

బరువెత్తడాన్నీ మోత అన్నారు, చప్పుడునీ మోత అన్నారు మన పెద్దలు. ఏ పరధ్యానంలో ఉండి అన్నారో గానీ, మావాడి బుర్రలో ఆ రెండూ ఒకటైపోయాయి. బెల్లం రోజుల్లో పల్లెల నుంచి మార్కెట్ యార్డుకి వంద దిమ్మలు తెచ్చి దించే బండి అది. దిమ్మకి పదిహేను కిలోలు వేసుకున్నా టన్నున్నర. ఇంత మోసేది ఆమాత్రం మోగకపోతే ఎలాగ అన్నది వాడి ధర్మసందేహం.

సైలెన్సరు తీయించిన రోజు నేను అక్కడే ఉన్నాను. నా స్కూటరుకి పంక్చరు వేయించుకోడానికి వెళ్లి ఇరుక్కుపోయాను. మేస్త్రీ బండి కింద దూరి, కంపెనీ డబ్బా విప్పి నేల మీద పడేశాడు. ఇంకో పాత డబ్బా కటింగు మిషనుతో నిలువునా కోసి ఉంచాడు, గిరాకీలకి చూపించడానికి. వంగి చూశాను. లోపల అడ్డగోడలు కట్టిన చిన్నచిన్న గదులు. గదిలోంచి గదిలోకి గొట్టాలు, గొట్టాల నిండా జల్లెడలా కన్నాలు, అన్నిటి మీదా కాటుకలాంటి మసి. వేలు పెడితే సబ్బుకి లొంగలేదు, రెండ్రోజులు ఆ వేలితోనే అన్నం తిన్నాను.

“సూసినారా మాస్టారూ! ఇన్ని గదుల్లో తిరిగొస్తే పొగకి ఊపిరాడుద్దేటి? ఇంజిను పీక నొక్కీసినట్టు కాదేటి?” అన్నాడు మావాడు, జాలిగా.

నిజానికి ఆ గదులు పొగ కోసం కట్టినవి కావు, మోత కోసం కట్టినవి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతోందంటే, సెకనుకి 66 సార్లకి పైగా పొగ పేలి బయటికొస్తుంది. పేలిన ప్రతిసారీ ఒక శబ్దపు అల. ఆ అల గది గోడకి తగిలి వెనక్కి మళ్లి, ఎదురుగా వచ్చే దానితో తలపడుతుంది. ఒకదాని మిట్ట ఇంకొకదాని పల్లంలో పడితే రెండూ చల్లబడిపోతాయి. మామిడి తోట గట్టు మీద తగువులాడుకున్న అన్నదమ్ముల్లాగ. 1897లో అమెరికాలోని ఇండియానాలో రీవ్స్ అనే అన్నదమ్ములు మోటారు బండికి సైలెన్సరు మీద పేటెంటు తీసుకున్నారు. నూటపాతికేళ్ల పైగా ఇంజనీర్లు కూర్చుని కట్టిన ఆ గదులన్నిటినీ మేస్త్రీ అరగంటలో ఖాళీ చేయించి, తిన్నని గొట్టం ఒకటి అతికించాడు. దాన్ని గుల్ల చేయడం అంటారు. చేతిలోది కూడా గుల్లవుతుంది కాబట్టి మాట సరిగ్గానే కుదిరింది.

తాళం తిప్పగానే ఎదురు టీ బడ్డీలో గాజు గ్లాసులు గణగణలాడాయి. కుక్క లేచి ఊరొదిలి పోయింది. మావాడి మొహంలో, నూకాలమ్మ పూనినవాడి వెలుగు.

“పవరు సూసినారా!”

చూడలేదు, విన్నాను. పవరు వినపడేది కాదని అప్పుడే అనబోయాను గానీ, నా మాట నాకే వినపడలేదు.

పొగకి దారి సుళువు చేస్తే ఇంజనుకి కొంత తేలికవుతుంది, కాదనను. పొగని బయటికి తోయడానికి పెట్టే బలం మిగులుతుంది. అయితే మావాడిది రెండున్నర లీటర్ల డీజిలు, టర్బో ఉన్నది. టర్బో అంటే పొగ దారిలోనే కూర్చుని, ఆ పొగ విసురుకి తిరుగుతూ, ఇంజనులోకి గాలి ఊదే చక్రం. సగం మోత అక్కడే నలిగిపోతుంది. దాని వెనకాల గొట్టం ఎంత వెడల్పు చేసినా, లోపల డీజిలు ఎంత పోయాలో కంపెనీవాడు ముందే కొలత పెట్టి కూర్చున్నాడు. డీజిలు పెరగనిదే బలం ఎక్కడినుంచొస్తుంది? పెళ్లికి భోజనాలు పెంచకుండా బాజాలు పెంచినట్టు.

మావాడి దగ్గర ఇంకో శాస్త్రం ఉంది. చెవికి రెండింతలు వినపడితే బలం రెండింతలేనని. చెవి చాలా టక్కరిది మరి. పది డెసిబెల్సు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, చెవి మాత్రం రెండింతలే అంటుంది. ఆ పది రెట్లూ పోగుచేసి తీగకి కట్టినా ట్యూబులైటు వెలగదు. ఊరంతా లేచి కూర్చుంది కాబట్టి ఎవరో ఒకరు లైటు వేస్తారనుకోండి.

పరీక్ష పాడేరు ఘాటులో జరిగింది. మాడుగుల దాటాక కొండ మొదలవుతుంది. మావాడు సరుకేసుకుని ఎక్కుతున్నాడు, నేను పక్క సీట్లో. హల్వా కోసం మాడుగులలో దిగాల్సినవాణ్ని, “దిగిపోతాను బాబూ” అన్నది వాడికి వినపడక కొండెక్కాను. మలుపు మలుపుకీ అడవి దద్దరిల్లుతోంది. వెనకాల ఇంకో పికప్, మావాడిదాని కంటే ముసలిది, మా కంటే పైకి సరుకు కట్టుకున్నది. పిల్లిలా వచ్చి, చిన్న హారను కొట్టి, దాటుకుని పోయింది. దాటేటప్పుడు దాని డ్రైవరు పాట వింటున్నాడు. పాట నాకు కూడా స్పష్టంగా వినపడింది, అంత చప్పుడు లేని బండి.

పైన టీ దగ్గర ఆరా తీశాం. ఆ డ్రైవరు చేయించింది ఏమిటంటే, ఎయిర్ ఫిల్టరు మార్పించాడు. అంతే. మావాడి ఫిల్టరు విప్పి చూస్తే బెల్లం బట్టీల దగ్గరి చెరుకు పిప్పి నూగంతా అందులోనే ఉంది. బయటికి పోయే దారి రాజమార్గం చేసి, లోపలికి వచ్చే గుమ్మానికి గోనెసంచి కట్టుకున్నాడు పాపం. మావాడు టీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. “ఆడి బండి తేలికగా ఎక్కీసింది గానీ, ఎక్కినట్టు ఎవులికి తెల్సింది మాస్టారూ?” అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వాడికీ ఓ పికప్ ఉంది. దాని తొట్టిలో ఇన్నేళ్లలో వేసిన బరువల్లా ఒక సోఫా. అక్కడ క్యాట్‌బ్యాక్ అని అమ్ముతారట. పిల్లి వీపేమిట్రా అని అడిగాను. క్యాటలిటిక్ కన్వర్టరు వెనకనుంచి గొట్టాలన్నీ మార్చేయడమట. పెద్ద పెట్రోలు ఇంజను కాబట్టి పదో పరకో గుర్రాల బలం వస్తే వస్తుందని వాడే ఒప్పుకున్నాడు. ఆ పదీ పట్టుకుని ఏం చేస్తున్నావంటే, వీధి చివర నుంచి ఇంజను కట్టేసి దొర్లించుకుంటూ ఇంటికొస్తున్నాట్ట. పక్కింటివాళ్లు కంప్లయింటు పెట్టారు.

మావాడి స్నేహితుడికి కొత్త పికప్ ఉంది, 2020 తరవాతది, బీఎస్6. వాడూ ముచ్చటపడి పొగ దారిలో ఉండే మసి వడపోత డబ్బా పీకించాడు. డాష్‌బోర్డు మీద దీపం వెలిగింది. కంప్యూటరుకి కోపం వచ్చి ఇంజను బలం తనే కోసేసింది. మూడు రోజులు తుమ్మపాల రోడ్డులో ఎద్దుబండి వెనకాలే వచ్చాడు. దీపం మాత్రం అఖండంగా వెలుగుతూనే ఉంది.

సెల్లు మాట్లాడ్డం పోయింది మావాడికి. ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు కేబినంతా తుమ్మెద దూరిన కుండలాగ గుయ్యిమంటుంది. వెనక లారీ హారను తెలీదు. చెవుల్లో ఆ గుయ్యి రాత్రి పడుకున్నా వదలదు. ఇంట్లోవాళ్లకి మాత్రం సుఖమే. శారదా నది వంతెన మీద మోత వినపడగానే భార్య టీ నీళ్లు పెడుతుంది, విజయరామరాజుపేట అండర్‌బ్రిడ్జి కింద మోగితే పంచదార వేస్తుంది. వంతెన కింద కావాలని గేరు తగ్గించి రెండుసార్లు రేజు చేస్తాడు, అది మావాడి భూపాలరాగం. సుఖపడిన మనిషి ఇంకొకడున్నాడు. ఫైనాన్సు కుర్రాడు. పాపం వెనకటికి వాయిదా కోసం ఊళ్లన్నీ తిరిగేవాడు. ఇప్పుడు యార్డు గేటు దగ్గర నీడలో కూర్చుని, మోత వచ్చినప్పుడు లేస్తున్నాడు.

2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయింది. జిల్లాతో పాటు ఎస్పీ ఆఫీసూ వచ్చింది. చట్టంలో ఇలాంటి మోతకి పదివేల దాకా జరిమానా, మూణ్నెల్ల దాకా జైలు, లైసెన్సు సస్పెన్షను అన్నీ ఉన్నాయి. విశాఖలో పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫోటో పేపర్లో చూపించాను. మావాడు చాలాసేపు చూసి, “రోలరు కూడా బాగా మోగుద్ది మాస్టారూ” అన్నాడు.

కొత్త అమావాస్య జాతర వచ్చింది. నూకాలమ్మ గుడి దారిలో డప్పులు, మైకులు, బూరలు. ఆ సందట్లో మావాడు రేజు చేస్తే పక్కనున్న పిల్లాడు కూడా తల తిప్పలేదు. ఆ పూట దిగులుగా ప్రసాదం తిన్నాడు.

ఏడాదికి ఒక్క రోజు మాత్రం మా వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. అందుకోసం కంపెనీ సైలెన్సరుని గోనెగుడ్డ చుట్టి అటక మీద దాచాడు, పెళ్లి పట్టుబట్టలాగ. మొన్న అది దించి బిగించుకుని, పరీక్ష పాసై, పొద్దున పదకొండుకి ఇంటికొచ్చాడు. పొయ్యి మీద టీ లేదు. భార్య తలుపు తీసి, “ఏటయ్యా, నడిసొచ్చినావా?” అంది. నూతి దగ్గరున్న తల్లి కంగారుపడి, “బండి అమ్మీసినాడేటే?” అంది. మధ్యాన్నం ఫైనాన్సు కుర్రాడు ఫోను. యార్డు దగ్గర పొద్దున్నుంచీ కూర్చున్నాట్ట, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు.

సాయంత్రం అయిదుకి బండి మేస్త్రీ షెడ్డు ముందుంది.