నా మీద నెపం పెట్టకండి

నేను 2023 నాటి తెలుగు క్యాలెండర్‌ని. పన్నెండు కాగితాలు, పైన ఒక రేకు పట్టీ, మేకుకు తగిలించడానికి ఒక కన్నం. పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, జీడిపప్పు పొట్లం పక్కన చుట్ట చుట్టుకుని హౌరాలో దిగాను. అక్కణ్నుంచి టిటాగఢ్ చేరాను. కోల్‌కతాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లుల ఊరు అది. శ్రీకాకుళం వైపు నుంచి తాతముత్తాతల నాడు మిల్లు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు ఈ సందుల్లో చాలామంది. బజారులో హిందీ, రైల్లో బెంగాలీ మాట్లాడతారు. తిథి మాత్రం నన్నే అడుగుతారు.

నన్ను వంటగది గుమ్మం పక్కన తగిలించారు. పాలవాడి లెక్క, గ్యాసు బుక్ చేసిన తేదీ, ముసలాయన బీపీ మాత్రలు తెచ్చిన రోజు, అన్నీ నా గడుల్లోనే. ఆ గుమ్మం దగ్గర మాట్లాడుకునేవన్నీ నా చెవిన పడేవి.

మా ఇంటావిడకు అరవై దగ్గరపడుతున్నాయి. ముట్లుడిగి ఏళ్లయింది. జూలై చివర్లో ఒకనాడు వచ్చి, ఒక గడిలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి వెళ్లిపోయింది. అది పాల లెక్క కాదు. లంగాకు గోధుమరంగు మరక కనిపించిందట. వేడి చేసుంటుందనుకుని సబ్జా గింజలు నానేసుకుని తాగింది. మరక దానంతటదే ఆగింది, పేరు సబ్జా గింజలకొచ్చింది.

ఆగస్టులో మళ్లీ చుక్క. అప్పుడు అధిక శ్రావణం. "అధికమాసంలో ఆసుపత్రేటి?" అని తనకు తానే చెప్పుకుంది. అది వెళ్లాక నిజ శ్రావణం, 25న వరలక్ష్మీ వ్రతం. ఆ తర్వాత సెప్టెంబరు 18న వినాయక చవితి. ఇవన్నీ నా మీద అచ్చయి ఉన్న మాట నిజమే. కానీ నేను చెప్పేది తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం. డాక్టరు దగ్గరకు వెళ్లొద్దని ఏ గడిలోనూ లేదు. ఆవిడకు ఉన్నది భయం. దానికి నా పేరు పెట్టుకుంది.

సెప్టెంబరు ఆఖరున మరక కాస్తా ఎర్రగా, ఎక్కువగా కనిపించింది. బట్టలు తడుపుతున్న కోడలు చూసి, "అత్తా, ఇదేటి? ఎన్నాళ్లబట్టి?" అని అడిగింది. ఆవిడ నా వైపు చూసింది. కోడలు వచ్చి కాగితాలు వెనక్కి తిప్పి చుక్కలన్నీ చూసింది. ఏమీ అనకుండా పక్కింటి బౌదిని పిలిచింది. బౌది అంటే వదినగారు. బెంగాలీ సందుల్లో అందరికీ ఆవిడ వదినే. ఆవిడ మాత్రం ఊరుకోలేదు. ముట్లాగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే అది వేడీ కాదు, వయసూ కాదు, చూపించుకోవాల్సిందేనని వచ్చీరాని హిందీలో దులిపేసింది. ముసలాయన వసారాలోంచి మహాలయ పక్షాలని ఏదో గొణిగాడు. బౌది అటు ఒక్క చూపు చూసింది. ఆయన బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

లోకల్ రైల్లో సియాల్దా వెళ్లి, అక్కణ్నుంచి కాలేజ్ స్ట్రీట్ వైపు నడిచారట. 1835లో పెట్టిన మెడికల్ కాలేజీ ముందు నుంచి పోతూ బౌది కాదంబినీ గంగూలీ కథ చెప్పిందట. 1886లో కోల్‌కతాలో డాక్టరైన ఆడమనిషి. 2020లో ఆవిడ మీద రెండు చానళ్లు రెండు సీరియళ్లు వేస్తే బౌది రెండూ చూసింది. ఆడవాళ్లు మగ డాక్టరుకు చెప్పుకోలేక లోపలే ఉంచుకుని పోయే రోజుల్లో ఆవిడ చదివిందట. "నీకిప్పుడు లేడీ డాక్టరుంది, ఇంకా దాస్తావేం దిదీ?" అందట.

డాక్టరమ్మ చెప్పినవి కోడలు ఆ రాత్రి గుమ్మం దగ్గరే మామగారికి చెప్పింది. ఎలా చెప్పాలో తెలియక ముఖం తిప్పుకుని చెప్పింది, అయినా చెప్పింది. స్కానింగులో గర్భసంచి లోపలి పొర మందం చూస్తారు. ఈ వయసులో అది 4 మిల్లీమీటర్లో అంతకు తక్కువో ఉంటే క్యాన్సరయ్యే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. అత్తకు 9 వచ్చింది. మందంగా ఉంటే క్యాన్సరని కాదు, ముక్క తీసి చూడాలని. ఇలా రక్తం కనిపించినవాళ్లలో పదిమందికి తొమ్మండుగురికి కారణం వేరేది: పొర ఎండిపోయి చిట్లడం, పాలిప్ అనే చిన్న కండ, హార్మోన్ల తేడా. ఆ మిగిలిన ఒక్కరి కోసమే అందరికీ పరీక్ష. ముసలాయన అంతా విని, "తొమ్మండుగురా?" అని మళ్లీ అడిగాడు. నిద్రపోయే ముందు ఇంకోసారి అడిగాడు.

బయాప్సీకి అక్టోబరు 12 గురువారం, మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మన్నారు. గురువారం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. నా మీద స్పష్టంగా ఉంది. కోడలు ముందురోజే వచ్చి చూసింది. అత్తకు చెప్పలేదు. ఆ పిల్ల మీద నాకు గౌరవం అప్పుడే పుట్టింది.

పిపెల్ అని ఒక ప్లాస్టిక్ గొట్టం, సుమారు మూడు మిల్లీమీటర్ల లావు. దాన్ని లోపలికి పోనిచ్చి కాస్త పొరను పీలుస్తారు. మత్తు అక్కర్లేదు. ముట్టునొప్పి లాంటి నొప్పి కాసేపు పట్టి వదిలిందని ఆవిడ తేలిగ్గానే చెప్పింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. దుర్గా పూజ సెలవులు కదా, రిపోర్టు లక్ష్మీ పూజ దాటాకేనన్నారు.

14న మహాలయ, 20న షష్ఠి, 24న దశమి, 28న లక్ష్మీ పూజ. రోజూ పొద్దున్నే వచ్చి ఆ గడుల మీద వేలు పెట్టి నడిపించేది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా గడులు తగ్గవు. ఇన్నాళ్లు పడుతోందంటే ఏదో చెడ్డదే దొరికుంటుందని ఒకరోజు తేల్చేసింది. అది నిజం కాదు. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నాననివ్వాలి, నీరంతా లాగి మైనంలో పొదగాలి, మైక్రాన్ల లెక్కన పలచగా కోయాలి, రంగు పట్టించాలి, అప్పుడు పాథాలజిస్టు సూక్ష్మదర్శిని కింద చూడాలి. మంచి ముక్కకూ చెడ్డ ముక్కకూ అంతే సమయం. కోడలు ఇది తెలుసుకొచ్చి చెప్పాక ఆ ఒక్క అనుమానం తగ్గింది. మిగతావి తగ్గలేదు.

అన్నిటికంటే చెడ్డవి తెల్లవారుజాము గంటలు. మంచం కిర్రుమనేది, వంటగదిలో లైటు వెలిగేది. ఆవిడ గ్లాసు పట్టుకుని నా ఎదురుగా నిలబడేది. హజ్రా అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిన చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న చోటు అది. ఇక్కడివాళ్లకు ఆసుపత్రి పేరు అక్కర్లేదు, హజ్రా అంటే చాలు. అందుకే ఆ పేటలో ఉన్న చుట్టాల ఊసు కూడా ఇంట్లో ఆగిపోయింది.

ఒక రాత్రి ముసలాయన లేచి వచ్చాడు. ధైర్యం చెప్పడం ఆయనకు చేతకాదు. కాసేపు నిలబడి, సెప్టెంబరు కాగితం వెనక్కి తిప్పి, "ఆ డాక్టరుని అడగాల్సినవి ఇక్కడ రాసీ. తలలో ఎట్టుకుంటే నిద్రేటి పడతాది" అన్నాడు. ఆవిడ పెన్సిలు తీసింది. షుగర్ మాత్ర ఆపాలా? సంచి తీసేయాలా? తీస్తే ఎన్నాళ్లు మంచం? ఖర్చెంత? మనవరాలికి కూడా వస్తుందా? చివరి ప్రశ్న రాసి చాలాసేపు పెన్సిలు పట్టుకునే ఉంది. తర్వాతి రాత్రుల్లోనూ మంచం కిర్రుమంది గానీ, వచ్చి ఇంకో ప్రశ్న రాసుకుని వెళ్లి పడుకునేది. ధ్యానం, ప్రాణాయామం అని ఫోన్లో ఎన్నో చెబుతారు. ఈ ఇంట్లో పనికొచ్చింది పెన్సిలు. ఫోన్లో రోగం పేరు కొట్టి చదవడం బౌది మాన్పించింది. చదివేకొద్దీ కోడలికి కూడా నిద్ర పట్టడం మానేసింది మరి.

అష్టమి నాడు ఇంకో చిక్కొచ్చింది. ఢాక్ మోగుతోంది, సందంతా దీపాలు. ఆవిడ పుష్పాంజలికి రానంది. మరక ఇంకా ఉంది, ఈ వయసులో మళ్లీ ఈ మైలేమిటని కళ్లనీళ్లు పెట్టుకుంది. రోగం భయం కంటే ఈ సిగ్గే ఆవిణ్ని ఎక్కువ నలిపిందని నాకనిపిస్తుంది. బౌది గుమ్మంలో కూలబడి అంబుబాచి సంగతి ఎత్తింది. ఆషాఢంలో భూదేవికే ముట్టని నాగలి ఆపుతారు, కామాఖ్యలో అమ్మవారి గుడి మూడు రోజులు మూసి, తెరిచాక జనం ఎగబడి పోతారు. "అమ్మకే ఉన్నదానికి నిన్నంటుందా?" అంది. ఆవిడ పందిరి దాకా వెళ్లింది, లోపలికి వెళ్లలేదు. బయట కుర్చీలో కూర్చుని దండం పెట్టుకుంది. అది ఆవిడ ఇష్టం.

లక్ష్మీ పూజకు బౌది పది కొబ్బరికాయలు తెచ్చి పడేసింది, 'నాడు' అనే మిఠాయి చేయాలని. బెల్లం కొబ్బరి లడ్డూలే అవి. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కొబ్బరి కోరుతూ కోడళ్ల గురించి మాట్లాడుకున్నారు. ఆ రాత్రి చంద్రగ్రహణం కూడా నా మీద ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నవంబరు మొదట్లో రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. పొర ఒత్తుగా పెరిగింది, కణాల్లో చెడ్డ మార్పు లేదు. అలాగని వదిలేసేదీ కాదు. హార్మోన్ మాత్రలు వాడాలి, ఆర్నెల్లకు మళ్లీ ముక్క తీసి చూడాలి. నా వెనక రాసిన ప్రశ్నల్ని కోడలు ఫోటో తీసి పట్టుకెళ్లింది. నా చుక్కల తేదీలను డాక్టరమ్మ కాగితం మీదకు ఎక్కించుకుందట.

ఆర్నెల్ల తర్వాతి తేదీ నా మీద పట్టదు. అది 2024 క్యాలెండర్ పని. నా కాగితాలు ఇప్పుడు మనవరాలి లెక్కల పుస్తకాలకు అట్టలయ్యాయి.

అమ్మలూ, ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, ఆ తేదీ నా మీద రాసుకోండి, ఆ వారంలోనే వెళ్లి చూపించుకోండి. మంచిరోజు కోసం మాత్రం నన్ను అడగకండి.