విరగాల్సిన చోట విరగనివ్వండి

పెద్ద సైజు రిమోట్ కారు డ్రైవ్‌షాఫ్టు విరిగితే తోటి ఆటగాళ్ళు చెప్పే మాట దాదాపు ఒకటే. “ఉక్కుది వేయించు, పీడా వదులుతుంది.” నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. విరిగినదానికంటే గట్టిది వేయకండి. అచ్చంగా అలాంటిదే వేయండి, ఇంకొకటి సంచిలో ఉంచుకోండి. ఇక్కడ చెప్పబోయే సలహాలన్నీ ఇలాగే అడ్డంగా వినిపిస్తాయి. అయినా వాటిలో ప్రతిదాన్నీ నమ్మే చెబుతున్నాను.

టెక్సస్‌లోని ట్రాక్సస్ కంపెనీ 2015లో తెచ్చిన ఎక్స్-మాక్స్‌నే తీసుకుందాం. బ్యాటరీలు పెట్టకుండానే 8 కిలోలు దాటే బండి, సుమారు 8 అంగుళాల టైర్లు. తర్వాత వచ్చిన 8ఎస్ రకంలో, అంటే వరుసగా ఎనిమిది సెల్లులున్న దానిలో, బ్యాటరీలు నిండుగా చార్జయితే 33.6 వోల్టులు. అది దిబ్బ మీంచి ఎగిరినప్పుడు గాల్లో చక్రాలు విపరీతమైన వేగంతో తిరుగుతుంటాయి. నేల తగలగానే వాటి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ దెబ్బ టైరు నుంచి షాఫ్టుకు, షాఫ్టు నుంచి డిఫరెన్షియల్ పళ్ళకు, అక్కడి నుంచి మోటారుకు పాకుతుంది. ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి లొంగాలి. తయారుచేసినవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే స్పర్ గేరు లోపల రబ్బరులాంటి మెత్తని దిమ్మ పెట్టారు. మొదట్లో బండితో ఇచ్చిన షాఫ్టులు కూడా ఒకదానిలో ఒకటి జారే ప్లాస్టిక్ గొట్టాలే. దెబ్బ తగిలితే అవి కొంచెం మెలి తిరుగుతాయి, మరీ ఎక్కువైతే విరుగుతాయి. విరిగే ముందు ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు కూడా తేలుతాయి. చూసే కన్నుంటే అదే హెచ్చరిక.

అక్కడ ఉక్కు షాఫ్టు వేస్తే దెబ్బ ఎక్కడికీ పోదు, లోపలి పళ్ళ మీదికి వెళుతుంది. ఫ్యూజు ఊరికే కాలిపోతోందని దాని స్థానంలో లావు రాగి తీగ చుట్టడం లాంటిదే ఇది. షాఫ్టు మార్చాలంటే చక్రం తీసి, కొన్ని స్క్రూలు విప్పితే చాలు. డిఫరెన్షియల్ పళ్ళు మార్చాలంటే మాత్రం సగం బండి విప్పాలి. రింగ్ గేరు, పినియన్ జతగా కొనాలి, పళ్ళ మధ్య సందు సరిచూసి షిమ్ములు (పలుచని రింగులు) వేయాలి, సిలికాన్ ఆయిల్ మళ్ళీ పోయాలి. హైదరాబాదులో ఉండి ఆడేవాళ్ళయితే ఆ గేర్లు విదేశం నుంచి వచ్చేదాకా బండిని పక్కన పెట్టాల్సిందే.

“లావుది వేస్తే?” అని అడుగుతారు. షాఫ్టు మెలిపెట్టే బలాన్ని ఓర్చుకునే శక్తి వ్యాసం ఘనంతో పాటు పెరుగుతుంది. అదే లోహంలో 6 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 8 వేస్తే ఓర్పు దాదాపు 2.4 రెట్లవుతుంది. షాఫ్టుకు వచ్చిన ఆ బలం డిఫరెన్షియల్ పళ్ళకు రాలేదని మరిచిపోకూడదు. పెట్రోలు బళ్ళ సంగతి వేరు. హెచ్‌పీఐ బాహా 5బీ లాంటి వాటిలో సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటుంది, అది జారి కొంత దెబ్బను తానే మింగుతుంది. కనుక అక్కడ ఉక్కు షాఫ్టు తప్పేమీ కాదు. కరెంటు మోటారు కదలకముందు నుంచే గట్టి బలం ఇస్తుంది, ఎక్స్-మాక్స్‌లో మధ్యలో జారే క్లచ్ లేదు.

రెండో సలహా: షాఫ్టును బిగుతుగా కూర్చోబెట్టకండి, లూజు వదలండి. షాఫ్టు చివర ఇటూ అటూ జరుగుతుంటే చాలామందికి మనసు ఒప్పక, షిమ్ములు వేసి ఆ కదలికను ఆపేస్తారు. సస్పెన్షన్ ఆర్మ్ మడతపడే చోటూ షాఫ్టు మడతపడే చోటూ ఒకటి కావు కాబట్టి చక్రం లేచి దిగేకొద్దీ వాటి మధ్య దూరం మారుతుంటుంది. లూజు లేకపోతే బండి నేలను గుద్దినప్పుడల్లా షాఫ్టు అడ్డుకర్రలా బిగిసి, హబ్ బేరింగునూ డిఫ్ బేరింగునూ పక్కకు నెడుతుంది. షాక్ అబ్జార్బర్ ఊడదీసి, ఆర్మ్‌ను చేత్తో పూర్తిగా పైకెత్తండి, పూర్తిగా దించండి. పైన ఉన్నప్పుడు షాఫ్టు ఇంకా కాస్త జరగాలి. కింద ఉన్నప్పుడు కప్పులోంచి బయటికి రాకూడదు. ముందు చక్రాలైతే స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి ఇదే చూడండి. మొత్తం పనిలో తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఇదొక్కటే అంటాను.

మలుపులో ముందు చక్రం వణుకుతోందని షాఫ్టు మార్చేవాళ్ళున్నారు. మార్చకండి. ఒకే అడ్డపిన్ను మీద తిరిగే జాయింటు 30 డిగ్రీలు వంగితే, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా చక్రం వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 0.87 నుంచి 1.15 రెట్ల దాకా ఊగుతుంది. జాయింటు స్వభావమే అది. అసలు కార్లలో ఈ బాధ తీర్చడానికే ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920ల్లో గుండ్లతో నడిచే జాయింటు రూపొందించాడు. మన బొమ్మ కార్లకు సీవీడీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పిన్ను జాయింట్లే. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు త్రోటిల్ తగ్గిస్తే చాలు. వంకర లేని దారిలో కూడా వణికితే అప్పుడు అనుమానించండి. రెండు ముక్కలుగా జారే షాఫ్టును విప్పి, పళ్ళు తప్పించి మళ్ళీ కలిపి ఉంటారు. రెండు కొసల్లోని యోకులు (జాయింటు పిన్నును పట్టే చీలిన కొసలు) ఒకే తలంలో ఉంటేనే ఒక జాయింటు ఊపును రెండోది సరిచేస్తుంది.

గ్రీజు పూయకండి. తెరిచి ఉన్న పిన్ను జాయింటుకు గ్రీజు రాస్తే దుమ్ము పట్టి గరుకుకాగితంలా అరగదీస్తుంది. రబ్బరు తొడుగు ఉంటేనే గ్రీజు.

స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే థ్రెడ్‌లాకర్ విషయంలో పిసినారిగా ఉండండి. పిన్నును పట్టి ఉంచే గ్రబ్ స్క్రూకి నీలం రంగుది ఒక్క చుక్క చాలు, ఎర్రది అవసరం లేదు. ముందు స్పిరిట్‌తో నూనె పూర్తిగా తుడవాలి, జిడ్డు మీద అది పట్టదు. ప్లాస్టిక్ భాగాలకు అంటనివ్వకండి, కొన్ని ప్లాస్టిక్కులు దానివల్ల పగుళ్ళు బారతాయి. పాత స్క్రూ కదలకపోతే ఎలెన్ కీతో పోట్లాడి తల అరగదీయకండి. సోల్డరింగ్ ఐరన్ మొన కాసేపు ఆనించి వేడిచేస్తే పట్టు వదులుతుంది. కొత్త షాఫ్టు వేసిన రోజు బండి నడపవద్దన్నది కూడా నా పట్టుదలే. ఆ మందు పూర్తిగా గట్టిపడటానికి సుమారు 24 గంటలు కావాలి.

ఇక విరిగిన షాఫ్టును పారేయకండి. ఎక్కడ తెగిందో చూడండి. మెలి తిరిగి తెగితే దెబ్బ గాల్లోంచి దిగినప్పటిది, తప్పు వేలిది: నేల తగిలే ముందు త్రోటిల్ వదలాలి. వంగి తెగితే హబ్ బేరింగును వేలితో తిప్పి చూడండి, ఆర్మ్ పిన్ను వంకర పోయిందేమో చూడండి. ఆ కారణం సరిచేయకుండా వేసిన కొత్తదీ అక్కడే తెగుతుంది. ఇవన్నీ బ్యాటరీ తీగలు పీకాకే చేయండి, చెయ్యి లోపల ఉండగా రిమోట్ మీద ఎవరి వేలైనా పడవచ్చు.

ఉక్కు షాఫ్టు జత కొనడానికి తీసిన డబ్బుతో కంపెనీ షాఫ్టులు రెండు, మంచి హబ్ బేరింగులు నాలుగు కొనండి.