ఒక సంవత్సరములో గేటులుండవట!

టోల్ గేటులు మరల పోవుచున్నవట! శ్రీ నితిన్ గడ్కరీగారు 2025 డిసెంబరులో లోక్‌సభయందు ఆ శుభవార్త సెలవిచ్చినది మొదలు, హైదరాబాదునుండి విజయవాడకు సంక్రాంతి ప్రయాణము కట్టుకొన్న గృహస్థులందరును ఒకరినొకరు అభినందించుకొనుచున్నారు. బండి ఆగనక్కరలేదట, అడ్డుకర్ర లేవనక్కరలేదట, కెమెరా నెంబరు చదువునట, ఫాస్టాగు సొమ్ము రాల్చునట, పంతంగి టోల్ గేటు ఎప్పుడు దాటితిమో మనకే తెలియకుండునట. ఇదంతయు ఒక్క సంవత్సరములోనే!

నేనును ఆనందించియుండెడివాడనే. కాని దురదృష్టవశమున నన్ను జ్ఞాపకశక్తి యనెడి వ్యాధి ఇంకను వదలలేదు. 2021 మార్చిలో ఈ మంత్రిగారే, ఆ సభయందే, ఒక్క సంవత్సరములో దేశమున టోల్ గేటులు మిగులవని సెలవిచ్చియున్నారు. ఆ సంవత్సరము నేటికిని పూర్తికాలేదు. అంతమాత్రమున మాట తప్పినారని నిందించుట మన తొందరపాటు. మనుష్యమానమున 360 ఏండ్లు గడచినగాని దేవతలకొక సంవత్సరము కాదని పెద్దలు చెప్పియుండగా, ఢిల్లీలోని సంవత్సరము కూకట్‌పల్లిలోని సంవత్సరమంతే యుండవలెనని ఎవడు శాసించెను? రుసుము సవరణ మాత్రము దివ్యమానమునుగాక మానవమానమునే అనుసరించి ఏటేట ఏప్రిల్ 1న జరుగును. ఆ ముహూర్తము 2024లో జూన్ 3వరకు వాయిదా పడినది. అవి లోక్‌సభ ఎన్నికల దినములు. ఓటరు ఓటు వేసి ఇల్లు చేరువరకు ఓర్చి, ఆ పిమ్మటనే చేయి చాచిన ఆ మర్యాదను మెచ్చుకొనవలదా?

పోవలసిన గేటుల సంగతి యటుండనిండు. పోయిన గీతను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొందము. 2021 మే నెలలో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థవారు ఒక నియమము చేసిరి. ఎంత రద్దీవేళనైనను ఒక్కొక్క బండికి 10 సెకండ్లకు మించి పట్టరాదనియు, గేటునుండి 100 మీటర్ల దూరమున వరుసవరుసకు ఒక పసుపుపచ్చని గీత గీయవలెననియు, బండ్ల బారు ఆ గీతను దాటినచో, అది తిరిగి గీతకు లోబడునంతవరకు ముందున్న బండ్లను రుసుము లేకుండ విడిచిపెట్టవలెననియు దాని సారాంశము. ఇంత ధర్మసూక్ష్మము నెరిగిన శాసనము మన కాలమున మరియొకటి పుట్టలేదు.

దీనిని రచించినవాడు రహదారుల ఇంజనీరు కాడు; ఘటపటములతో ఆజన్మాంతము కుస్తీపట్టిన మహాతార్కికుడై యుండవలెను. ఏలయనగా, బారు గీతను దాటినదని ప్రత్యక్షముగా నెరిగినవాడు గీతకావలనున్న కడపటి బండివాడు; వానికి విషయము తెలియును గాని గేటు అందదు. వాడు అరగంటకో గంటకో పాకి గేటు చేరునప్పటికి వాడు గీతకు 100 మీటర్లు లోపలివాడే. గీతకడ సాక్ష్యము, గేటుకడ హక్కు. ఈ రెండును ఏకకాలమున ఏ ప్రాణికిని సంక్రమింపకుండ ఏర్పాటు చేయుటలోనే ఆ నియమముయొక్క సౌందర్యమంతయు నున్నది.

భోగికి ముందు రెండు దినములలో ఈ తర్కశాస్త్రము పంతంగికడ సాముచేయుటను భావనచేయుడు. ఒక సాహసి కారు దిగి, పిల్లలను భార్యకప్పగించి, లారీల సందులలోనుండి నడచి, పెట్టెగదిలోని కుర్రవానితో "బాబూ, బారు గీత దాటి అరగంటయైనది" అని మనవి చేయును. ఆ కుర్రవానికి ఎదుట కనబడునది ఒక్కటే బండి. అదియు అప్పడముల మూటలు కట్టిన కారు. "ఏదీ సార్, ఎక్కడ?" అని వాడు నిష్కపటముగా అడుగును. సాహసి ఫోనులోని ఛాయాచిత్రము చూపును. అది గడచిన క్షణమునకు సంబంధించినదనియు, నియమము వర్తమానమునకు సంబంధించినదనియు పర్యవేక్షకుడు నిరూపించును. ఈలోపల ముందు బండ్లు జరుగగా, సాహసిగారి కారు కదలకున్నదని వెనుక మూడు వందలమంది హారనులు మ్రోగింతురు. అతడు పరుగున పోయి కూర్చుండును, రుసుము చెల్లించును, భార్య ఒక చూపు చూచును. ఇట్లు మూడేండ్లు ఆ నియమము ప్రజలకు సేవచేసి, 2024 ఆగస్టులో ఉపసంహృతమైనది. గీతలోని రంగు వెలియకమునుపే గీతకున్న అర్థము వెలిసిపోయినది.

వార్షిక పాసు కూడ వచ్చినది. 2025లో వచ్చిననాడు 3,000 రూపాయలకు 200 దాటుడులు; లారీకిని బస్సుకును వర్తింపదు గనుక సొంతకారు లేనివాడు దానిని గూర్చి పత్రికలో చదివి సంతోషింపవచ్చును. ఫాస్టాగు లేనివాడు నోట్లిచ్చినచో రెండింతలు, ఫోనుద్వారా చెల్లించినచో ఒకటింబావు అని 2025లో నియమము చేసిరి. అపరాధమునకును తరగతులు ఏర్పడినవి.

ఇప్పుడొక్క ప్రశ్న. పరుగెత్తు బండి నెంబరును రెప్పపాటున చదువగల కెమెరాకు, నిలిచిపోయిన బండ్ల బారు 100 మీటర్లున్నదో వేయి మీటర్లున్నదో చదువుట రాదా? ఏ బండి ఏ గేటుకు ఎప్పుడు వచ్చినదో క్షణములతో లెక్కగట్టు యంత్రమునకు, ఆ బండి అక్కడ ఎంతసేపు పడియున్నదో లెక్కగట్టుట చేతకాదా? చేతనగును. మననుండి రావలసిన రూపాయి విషయమున వేయికన్నులున్న యంత్రము, మనకు రావలసినదాని విషయమున పుట్టుగ్రుడ్డి యగుచున్నది. ఇది సాంకేతికలోపము కాదు; ఉద్దేశము.

ఈ హైదరాబాదు విజయవాడ దారికి మనమిచ్చు సొమ్ము దేనికని అడుగుటకు మనకు సిగ్గెందులకు? పంతంగి, కొర్లపహాడు, చిల్లకల్లు, ఈ మూడు చోట్లను 2012 చివరినుండి ఇచ్చుచునే యున్నాము. 2023 జులైలో మునేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరముకడ నీరు రహదారికెక్కి రాకపోకలు స్తంభించినవి. మరుసటి ఏడు సెప్టెంబరులో మరల స్తంభించినవి. గరికపాడు దగ్గర పాలేరు వంతెనయు దెబ్బతినినది. ఏరు పొంగుట దైవాధీనము కావచ్చును. ఒకసారి మునిగిన చోటే మరుసటి ఏడును మునుగుటను దైవము నెత్తిన రుద్దరాదు. ప్రమాదస్థలములని ప్రభుత్వమే గుర్తించినవి 17. పొలమునుండి ఇంటికి రహదారి దాటిపోవు రైతు, బడినుండి వచ్చు పిల్ల, తెల్లవారుజామున కునుకుపట్టిన డ్రైవరు, వీరి నెత్తురు ఆ చోట్ల ఎన్నేండ్లు పారిన పిమ్మట వానిని సరిచేయు పనులు మొదలైనవో తలచుకొన్నచో కడుపు మండును. ఈ దారిని ఆరు వరుసలకు పెంచు మాట ఒప్పందములోనే యుండెను. రాష్ట్రము విడిపోయి బండ్లు తగ్గినవని నిర్మాణసంస్థ, దారిలో బండి కదలుట లేదని జనము, ఇట్లు వాదములు నడచినవి. 2024లో ఆ సంస్థ తప్పుకొన్నది, గేటులు తప్పుకొనలేదు.

ఇక పండుగ నాలుగు దినములు ఉచితముగా విడువుడని లేఖలు వ్రాయుట మన నాయకులకు ఆచారమైనది. ఆ దయ మాకక్కరలేదు. రుసుమిచ్చువాడు యాచకుడు కాడు, కొనుగోలుదారుడు. కొన్న సరకు చేతికి రానప్పుడు సొమ్ము తిరిగి అడుగుట వాని హక్కు.

కావున అధికారులకు విన్నపము. గేటులను తీయుదురో, ఆకాశమున పెట్టుదురో మీ యిష్టము. ముందుగా 100 మీటర్ల నియమమును తిరిగి తెండు. దానిని కొలుచు పని ప్రయాణికునికిగాక మీ కెమెరాకు అప్పగింపుడు. బారు మీరిన వెంటనే అడ్డుకర్ర తనంతట లేచునట్లు చేయుడు. దీనికి ఉపగ్రహము వలదు, శాసనసవరణకు యుగములు వలదు. ఈ చిన్నపని చేయనంతకాలము, గేటులుండవను మాటను ఏ సంవత్సరము చెప్పినను మేము నమ్మము.