ఓడ ఎక్కే ముందు వినకూడని సలహాలు

బర్మామైన్స్‌లో ఎవరైనా మొదటిసారి ఓడ ఎక్కబోతున్నారని తెలిస్తే చాలు, వీధంతా సలహాదారులే. టాటానగర్ స్టేషన్ పక్కనే ఉన్న పేట కాబట్టి మాకు రైలు ప్రయాణం కొట్టిన పిండి. పూరీకైనా, విశాఖకైనా, పిల్లల పెళ్ళిళ్ళకైనా రైలే. ఆ రైలు తెలివినే నీళ్ళ మీదకీ తీసుకెళ్తారు మావాళ్ళు. రైల్లో బోగీ తప్పితే వచ్చే స్టేషన్‌లో దిగి మారొచ్చు, పేరులో అక్షరం తేడా వస్తే టీటీఈని బతిమాలుకోవచ్చు. ముప్పై నలభై మంది పట్టే చిన్న ఓడలో అలాంటి సర్దుబాట్లకి చోటుండదు. ఇప్పుడు కోల్‌కతా నుంచి హుగ్లీ మీదా, సుందరవనాల్లోనూ, మన గోదావరి మీద పాపికొండల వైపూ చిన్న ఓడల్లో, లాంచీల్లో తిరిగొచ్చే ప్రయాణాలకి మధ్యతరగతి వాళ్ళు బాగానే వెళ్తున్నారు. రిటైరైన తల్లిదండ్రులకి పిల్లలే బుక్ చేసి పంపిస్తున్నారు. ఆ పెద్దవాళ్ళు ఏం తీసుకెళ్ళాలి, ఏం చెయ్యాలి అని అడుగుతారు. అంతకన్నా ముందు, ఏ మాటలు చెవిన పెట్టకూడదో తెలుసుకోవాలి.

"మా తాత రంగం వెళ్ళినప్పుడు ఏ కాగితాలున్నాయిరా?" ఇది పేటలో పెద్దవాళ్ళు గట్టిగా చెప్పే మాట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి టాటా కంపెనీలో కుదురుకున్న కుటుంబాల్లో రంగం, అంటే రంగూన్, వెళ్ళొచ్చిన తాత కథ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. స్టీమరెక్కి, డెక్కు మీద చాప పరుచుకుని, మూటలో తెచ్చుకున్నది తింటూ రంగూన్‌లో దిగేవారు. పాస్‌పోర్టు అడగకపోవడం నిజమే. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, అందుకని అడగలేదు. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది మనవాళ్ళు అరకాన్ దారిన, మణిపూర్ కొండల దారిన నడిచి వచ్చారు. దారిలో ఎంతమంది పోయారో కచ్చితమైన లెక్క ఈనాటికీ లేదు. కాగితం లేకుండా తిరిగిన కాలం గొప్పగా చెప్పుకోవలసిన కాలం కాదు. ఆ తాతల్లో తిరిగి రానివాళ్ళ కోసం ఎదురుచూసిన ఇళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నాయి.

దీనికి తమ్ముడిలాంటిది ఇంకో మాట. "నది మీదే కదా, పాస్‌పోర్టు ఎందుకు?" 2023 జనవరి 13న వారణాసి నుంచి బయలుదేరిన గంగా విలాస్ నదిలో తిరిగే ఓడే. పద్దెనిమిది గదులు, ముప్పై ఆరుగురు ప్రయాణికులు పట్టే చిన్న ఓడ. 51 రోజుల్లో దాదాపు 3,200 కిలోమీటర్లు తిరిగి డిబ్రూగఢ్ చేరేలా పెట్టిన ఆ దారి బంగ్లాదేశ్ గుండా పోతుంది. నీళ్ళ మీద సరిహద్దు గీత కనబడదు కానీ అధికారులు మాత్రం ఉంటారు. మన దేశం దాటకపోయినా అనుమతి కావలసిన చోట్లున్నాయి. లక్షద్వీప్ వెళ్ళాలంటే భారతీయులకైనా ప్రవేశానుమతి ఉండాలి. "ఓడ ఎక్కాక వాళ్ళే రాసిస్తారులే" అన్న మాట నమ్మి ఆ ఓడెక్కడానికి కొచ్చి దాకా వెళ్ళినవాళ్ళకి వార్ఫు చూసి రావడమే మిగులుతుంది. టికెట్ కొనకముందే "ఈ దారి ఏ దేశం నీళ్ళలోకి, ఏ అడవిలోకి, ఏ దీవికి పోతుంది?" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. పాస్‌పోర్టు లేకపోతే ముందు దాని పని చూడండి. మనకి ప్రాంతీయ కార్యాలయం రాంచీలో ఉంది. ఆ తర్వాత థానా నుంచి విచారణకి వచ్చే రోజు మీరు ఇంట్లో ఉండాలి. టికెట్ కొనేసి పాస్‌పోర్టు కోసం పరుగెత్తడం తలకిందుల పని.

ఇక పేర్ల సంగతి. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళు మిగతా అందరికన్నా ఎక్కువ జాగ్రత్తపడవలసింది ఇక్కడే. ఎస్. అప్పలరాజు అనే ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. కంపెనీ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరమే. పిల్లల్ని స్కూల్లో వేసినప్పుడు సర్‌నేమ్ అడిగితే "రాజు" అని రాశారు, దాంతో రాజు ఆ ఇంటికి ఇంటిపేరైపోయింది. ఆధార్ తీసినప్పుడు హిందీ మాట్లాడే కుర్రాడు "అప్పల" ఒకచోట, "రాజు" ఒకచోట కొట్టాడు. ఆయన భార్య ఓటరు కార్డులో లక్ష్మీ దేవి, బ్యాంకులో ఎస్. లక్ష్మి, కొడుకు బుక్ చేసిన టికెట్‌లో లక్ష్మీ రాజు. ఇంగ్లీషు అక్షరాల్లో లక్ష్మి అన్న పేరునే ఇద్దరు రెండు రకాలుగా రాస్తారు. ఇంతకీ ఆ మూడు కాగితాల్లో ఉన్నది ఒక్క మనిషే అని జెట్టీ మీద నిలబడ్డ గుమస్తాకి ఎలా తెలుస్తుంది? "ఏటవుద్ది, ఫోటో చూస్తే తెలీదేటి" అంటారు మావాళ్ళు. ఫోటో చూస్తే మనిషి తెలుస్తాడు, ప్రయాణికుల జాబితాలో పేరు తెలియదు.

చెయ్యవలసింది ఇది. ఇంట్లో ఉన్న కార్డులన్నీ మంచం మీద పరవండి. జెట్టీ దగ్గర చూపించబోయే కార్డు ఒక్కటి ఎంచుకోండి. బుక్ చేసే పిల్లాడు బెంగళూరులో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా, ఆ కార్డు మీద ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం ఫోన్‌లో చదవండి. ఖాళీ ఎక్కడుందో కూడా చెప్పండి. పుట్టిన తేదీ నిజమైనది కాదని తెలిసినా కార్డు మీద ఉన్నదే చెప్పండి. అమ్మని నాన్నని మనం పిలిచే పేర్లతో టికెట్లు తియ్యకూడదు.

"కంపెనీ గేట్ పాస్ ఉంది కదా, జంషెడ్‌పూర్‌లో అంతకన్నా పెద్ద కార్డేముంది?" అనేవాళ్ళూ ఉన్నారు. మన ఊళ్ళో దానికి గౌరవం ఉన్నమాట నిజం. హుగ్లీ ఒడ్డున అడిగేది ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు. "అన్నీ ఫోన్‌లో ఉన్నాయి" అన్న ధీమా కూడా వద్దు. సుందరవనాల్లో అడవిలోకి ఓడ తిరిగాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అటవీశాఖ వాళ్ళు సజనేఖాలీలో వివరాలు అడిగేటప్పటికి ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. కార్డుతో పాటు రెండేసి జిరాక్సులు తీసి, నీళ్ళు దిగని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెద్ద పెట్టెలో కాకుండా భుజానికి వేసుకునే సంచిలో ఉంచండి. భార్యాభర్తలు ఎవరి కవరు వాళ్ళ దగ్గరే ఉంచుకోవాలి.

"స్టీల్ ఎక్స్‌ప్రెస్‌కి తెల్లారి వెళ్ళి, ఆ రోజే ఓడెక్కేయొచ్చు." టైంటేబుల్ ప్రకారం అది కుదురుతుంది, అందుకే ఈ సలహా అంత నమ్మకంగా ఇస్తారు. కానీ హుగ్లీ ఆటుపోట్లున్న నది. చిన్న ఓడలు నీళ్ళ రాకపోకలు చూసుకుని కదులుతాయి, మీ రైలు ఖరగ్‌పూర్ అవతల ఆగిపోయిందని నీళ్ళు ఆగవు. పైగా హౌరాలో దిగగానే ఓడ ఉండదు. మిలీనియం పార్క్, ఫెయిర్లీ, బాబూఘాట్ అన్నీ నదికి అవతల, స్ట్రాండ్ రోడ్డు పొడవునా వరసగా ఉన్నాయి. "బాబూఘాట్ దగ్గర" అంటే సరిపోదు, ఏ జెట్టీయో కచ్చితంగా పేరు తెలియాలి. సుందరవనాల ఓడైతే చాలావరకు గోద్‌ఖాలీలో ఎక్కాలి, అది కోల్‌కతా నుంచి రోడ్డు మీద ఇంకో మూడు గంటల దారి. ముందురోజే వెళ్ళి రాత్రి కోల్‌కతాలో పడుకోండి. గది అద్దె దండగ అనుకోవద్దు.

అసలు నన్ను నిద్రపోనివ్వని సలహా ఇంకొకటుంది. "పిల్లాడు ఒళ్ళో కూచుంటాడు, వాడి పేరెందుకు రాయించడం?" "ఇద్దరు ఎక్కువైతే లోపలికి వచ్చేయండి, సరంగుకి ఎంతో కొంత ఇద్దాం." ఈ మాట ఎవరు చెప్పినా, మీ కన్నతండ్రి చెప్పినా వినకండి.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకి బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. కచ్చులూరు గ్రామస్థులు పడవలేసుకొచ్చి, లైఫ్ జాకెట్లతో తేలుతున్నవాళ్ళని బయటికి లాగారు. ఇరవై ఆరుగురు బతికారు. మరి బోటులో ఎక్కింది ఎంతమంది? ఆ లెక్క రోజుల తరబడి మారుతూ వచ్చింది. పేర్లు లేని పిల్లలు, చివరి నిమిషంలో ఎక్కినవాళ్ళు, ఎవరి వెంట ఎవరు వచ్చారో తెలియని బంధువులు. చివరికి 77 మంది అన్నారు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటుని పైకి తీసేదాకా కొన్ని కుటుంబాలు తమవాళ్ళ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి, బోటు లోపల కూడా మృతదేహాలు దొరికాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర తిరగబడింది అనుమతి లేని ప్రైవేటు బోటు. హారతి చూడాలన్న తొందరలో ఎక్కినవాళ్ళు వాళ్ళంతా.

జాబితా రాసేది గుమస్తా సరదాకి కాదు. ఓడ ఆగిపోయినప్పుడు, అంటుకున్నప్పుడు, మునిగినప్పుడు వెతకవలసింది ఎంతమందినో చెప్పేది ఆ ఒక్క కాగితమే. పేరు లేని పిల్లాడిని ఎవరూ వెతకరు. అందుకే చంకలో ఉన్న పసిబిడ్డ పేరు కూడా, వయసుతో సహా, మీ కళ్ళ ముందు రాయించండి. రాసింది చదివి వినిపించమనండి. నామోషీ పడొద్దు. మొత్తం ఎంతమందికి అనుమతి ఉందో బోర్డు మీద చూసి, ఎక్కినవాళ్ళు అంతకన్నా ఎక్కువుంటే డబ్బు పోయినా దిగిపోండి. 2021లో వచ్చిన దేశీయ జలరవాణా నౌకల చట్టం ప్రకారం ఓడకి రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం ఉండాలి. వాటిని చూపించమనడం ప్రయాణికుడి హద్దు మీరడం కాదు. బుక్ చేసేటప్పుడే నంబరు అడగండి. చెప్పడానికి నసిగేవాడి ఓడ మనకొద్దు.

ఎక్కేటప్పుడు ఇంకో తప్పుడు మాట వినబడుతుంది. "మన సంచులు మనమే పట్టుకోవాలి, ఎవరికీ ఇవ్వకు." సుందరవనాల వైపు చాలా జెట్టీల్లో ఓడకీ గట్టుకీ మధ్య ఒక సన్నటి చెక్క పలక వేస్తారు. పోటు తగ్గితే అది బాగా కిందికి వాలిపోతుంది, బురద అంటుకుని జారుతుంది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకడు గట్టు మీద, ఒకడు ఓడ మీద నిలబడి ఒక వెదురు గడని నడుమెత్తున అడ్డంగా పట్టుకుంటారు. అదే చేతికర్ర. దాన్ని పట్టుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి. కార్డుల కవరూ మందులూ ఉన్న చిన్న సంచి ఒంటికి అడ్డంగా వేసుకుని, మిగతా సామాను ఓడవాళ్ళకి ఇచ్చేయండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి. పలక మీద ఒక్కొక్కరే నడవాలి, ముందున్నవాళ్ళు దాటేదాకా కాలు పెట్టొద్దు. లోపలికి వెళ్ళాక మొసలి కనబడిందనో డాల్ఫిన్ కనబడిందనో అందరూ ఒక పక్కకి పరుగెత్తకండి. చిన్న ఓడ ఒరగడానికి అది చాలు.

లైఫ్ జాకెట్ గురించి చెప్పేటప్పుడు "ఆ డ్రిల్లు చిన్నపిల్లలాట" అని పక్కకి వెళ్ళి టీ తాగేవాళ్ళున్నారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాయికి గుద్దుకుంది. ఆ రోజే ఎక్కిన వందలమందికి ఆ డ్రిల్లు ఇంకా జరగలేదు. 32 మంది చనిపోయారు. ఆ తర్వాతే అంతర్జాతీయ నిబంధన మార్చి, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో డ్రిల్లు జరిపి తీరాలన్నారు. అంత పెద్ద ఓడకే ఆ గతి పట్టింది. మీ చిన్న ఓడలో ఎవరూ చెప్పకపోతే మీరే అడిగి, జాకెట్ కట్టుకుని చూసి, మనవడికి సరిపడే చిన్న సైజు ఉందో లేదో కళ్ళతో చూశాకే కూర్చోండి. ఉక్కపోస్తుందని భోజనాల దగ్గర విప్పేయకండి.

"ఓడలో డాక్టరుంటాడులే." అంతర్జాతీయ నిబంధన ప్రకారం వందమంది గానీ అంతకు మించి గానీ ఎక్కి, మూడు రోజులు దాటి దేశాల మధ్య తిరిగే ఓడల్లోనే డాక్టరు తప్పనిసరి. ముప్పై మంది ఓడలో ఉండాలని లేదు. బీపీ, షుగరు మందులు రెండు మూడు రోజులకి అదనంగా తీసుకెళ్ళండి, చీటీ కూడా పెట్టుకోండి. వికారం మాత్ర మీ డాక్టరుని అడిగి ముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు.

ఇంటి దగ్గర వదలవలసిన కాగితం గురించి ఎవరూ చెప్పరు. ఓడ పేరు, నంబరు, యజమాని ఆఫీసు ఫోన్, ఎక్కే జెట్టీ, తిరిగొచ్చే తేదీ, వెళ్తున్న అందరి పేర్లు, వయసులు, వేసుకునే మందులు ఒక తెల్లకాగితం మీద రాసి పక్కింటి పిన్నికో ఎదురింటి మావయ్యకో ఇవ్వండి. అమెరికాలో ఉన్న కొడుక్కి వాట్సాప్ చేశాం కదా అనుకోవద్దు. వాడు నిద్రలో ఉన్న వేళ కోల్‌కతా నుంచి ఫోన్ వస్తే ఎత్తే మనిషి బర్మామైన్స్‌లో ఉండాలి. ఒంట్లో బాగోలేకో, మనసు మారో మధ్యలో ఏ ఘాట్‌లోనైనా దిగిపోయి రోడ్డు దారిన వచ్చేస్తే, జాబితాలో మీ పేరు కొట్టించి, ఆ మాట ఓడ పెద్దకి స్వయంగా చెప్పాకే గట్టెక్కండి. లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ఇంట్లో కూర్చున్న మీ కోసం నీళ్ళలో వెతుకుతారు, ఆ వెతికే పడవ ఇంకెవరికో అందాల్సినది.